పార్టీ అయ్యాక చేసే పనికి జీతం ఎవరిస్తారు?

పిల్లల ఆటల సెంటర్లలో, పుట్టినరోజు పార్టీ హాళ్లలో పనిచేసేవాళ్ల ఉత్తరాల్లో మళ్లీ మళ్లీ కనిపించిన ప్రశ్నలు ఈసారి తీసుకున్నాం. రాసినవాళ్ల పేర్లు, సెంటర్ల వివరాలు తీసేశాం. పని గంటల చట్టాలు దేశానికో తీరుగా ఉంటాయి కాబట్టి ఏ దేశపు సెక్షన్ల జోలికీ పోలేదు. ఎక్కడ పనిచేసేవాళ్లకైనా అక్కరకొచ్చే లెక్కలు, పద్ధతులు ఇస్తున్నాం.

ప్రశ్న: శని, ఆదివారాలు మా హాల్లో రోజుకు నాలుగు పార్టీలు. ఒక్కోటి రెండు గంటలు, మధ్యలో పావుగంట గ్యాప్. హాలుకు ఇద్దరం. మొదటి పార్టీకి అరగంట ముందు రావాలి, చివరిది అయ్యాక గంటసేపు శుభ్రం చెయ్యాలి. జీతం మాత్రం పార్టీలు నడిచిన ఎనిమిది గంటలకే ఇస్తారు. మిగతాది ఉద్యోగంలో భాగమంటారు. కూర్చుని తినడానికి కూడా టైముండదు. ఎలా అడగాలి?

జవాబు: ఉద్యోగంలో భాగమైన పనికి జీతం కూడా భాగమే. కానీ ఆ మాటతో మొదలుపెడితే గొడవై ఆగిపోతుంది. అంకెలతో మొదలుపెట్టండి.

ముందు అరగంట, పార్టీలు 8 గంటలు, మూడు గ్యాపులు కలిపి 45 నిమిషాలు, చివర గంట. మొత్తం 10 గంటల 15 నిమిషాలు. జీతం 8 గంటలకు. అంటే గంటకు ఇంత అని ఒప్పుకున్న దాంట్లో మీ చేతికి వస్తున్నది 78 శాతమే. నెలకు ఎనిమిది రోజులు ఇలా గడిస్తే ఊరికే చేసిన పని 18 గంటలు.

అసలు చిక్కంతా ఆ పావుగంటలో ఉంది. ఇరవైమంది పిల్లల పార్టీ అయ్యాక హాలును మళ్లీ సిద్ధం చేసే పని చూడండి. ఒక్క మనిషే చేస్తే చెత్త ఎత్తడానికి 10 నిమిషాలు, బల్లలూ కుర్చీలూ తుడవడానికి 15, నేల ఊడ్చి తడిగుడ్డ పెట్టడానికి 15, టాయిలెట్‌కు 5, కొత్త పార్టీకి బల్లలు సర్ది బెలూన్లు, పేరు బోర్డు మార్చడానికి 25. మొత్తం 70. ఇద్దరు పంచుకుంటే 35. అంతకు ముందు అతిథులు కదలాలి కదా! ఒకరికి సాక్సు దొరకదు, ఒకడు సొరంగంలోంచి బయటికి రానంటాడు, గిఫ్టులు కారు దాకా మోసిపెట్టాలి. దానికి తక్కువలో తక్కువ పది నిమిషాలు. కావలసిన గ్యాప్ 45 నిమిషాలన్నమాట. మీకున్నది 15, అందులో అతిథులు వెళ్లాక మిగిలేది 5. ఒక్కో గ్యాపులో ఇద్దరికీ కలిపి గంట పని తక్కువ పడుతోంది. రోజుకు మూడు గంటలు.

ఆ మూడు గంటలూ ఎక్కడో ఒకచోట తగ్గుతాయి. కేక్ కోయగానే ఇద్దరిలో ఒకరు పిల్లల్ని వదిలేసి చెత్త సంచి పట్టుకుంటారు. క్రిమిసంహారక మందు కొట్టిన బల్లను వెంటనే పొడిగుడ్డతో తుడిచేస్తారు. ఆ మందు సీసా మీద రాసినంతసేపు తడిగా ఉంటేనే పనిచేస్తుంది కాబట్టి ఆ తుడుపు తుడుపే కాదు. నేల ఆరకముందే పిల్లలు పరిగెత్తుతారు. మీ భోజనం స్టోర్‌రూమ్‌లో నిలబడి నాలుగు ముద్దలతో అయిపోతుంది. కింద వచ్చే ప్రశ్నల్లో సగం ఈ బుకింగ్ పట్టిక దగ్గర పుట్టినవే.

నోటితో అడిగింది నోటితోనే పోతుంది. రెండు వారాలు కొలిచి, రాసివ్వండి. ప్రతి గ్యాపుకీ మూడు టైములు చాలు: చివరి అతిథి బయటికి వెళ్లింది, హాలు సిద్ధమైంది, తర్వాతి పార్టీలో మొదటి అతిథి లోపలికి వచ్చింది. మీ సొంత నోటుబుక్కులో వచ్చిన టైము, మొదట చేసిన పని, తిన్న టైము, వెళ్లిన టైము ఏ రోజుకారోజు రాయండి. నెలాఖరున కూర్చుని గుర్తుచేసుకుని రాసిన దానికి విలువ తక్కువ. డ్యూటీ పట్టిక గోడమీద పెట్టిన రోజే ఫోటో తీసుకోండి, తర్వాత మార్చేస్తారు. వారానికోసారి మేనేజర్‌కు మెసేజ్ పెట్టండి: "ఈ వారం నేను హాల్లో ఉన్నది ఇన్ని గంటలు. తేడా ఉంటే చెప్పండి." జవాబు రాకపోయినా ఆ తేదీ మీ దగ్గర నిలుస్తుంది.

అడగాల్సినవి మూడు. పట్టికలో షిఫ్టు మొదలు, ముగింపు నిజంగా పని మొదలై ముగిసే టైములకు మార్చాలి. గ్యాప్ పెంచాలి, లేదా గ్యాపుల్లో మాత్రమే పనిచేసే మూడో మనిషిని ఇవ్వాలి. అరగంట భోజన విరామంలో మీ బదులు ఎవరుంటారో పేరు పట్టికలో రాయాలి. మూడోది చిన్నదిగా కనిపిస్తుంది కానీ వదలకండి. బదులు మనిషి పేరు లేని విరామం కాగితం మీదే ఉంటుంది.

"గ్యాప్ పెంచితే ఒక పార్టీ పోతుంది" అంటారు. పోనక్కర్లేదు. ఇప్పుడు మొదటి పార్టీ మొదలైనప్పటి నుంచి చివరిది ముగిసేదాకా 8 గంటల 45 నిమిషాలు. పార్టీని గంటా ముప్పావుకు తగ్గించి గ్యాప్ 45 నిమిషాలు చేస్తే అదే నాలుగు పార్టీలకు 9 గంటల 15 నిమిషాలు. అరగంటే ఎక్కువ. రెండు హాళ్లుంటే ఒక హాలు పార్టీలను రెండోదానికన్నా ముప్పావుగంట ఆలస్యంగా మొదలుపెట్టండి. ఒకే మూడో మనిషి రెండు హాళ్ల గ్యాపులకూ సరిపోతాడు.

చట్టం మాట కూడా ఒకటి. వ్యాపార సంస్థలు, ఆఫీసుల పని గంటల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో చేసిన 30వ ఒప్పందం, యజమాని చెప్పుచేతల్లో ఉన్న సమయమంతా పని సమయమే అంటుంది. చాలా దేశాల చట్టాలు ఇదే దారిలో నడుస్తాయి. కాకపోతే అదే ఒప్పందం హోటళ్లను, వినోద స్థలాలను తన పరిధి బయట పెట్టింది. మేనేజర్‌కు దాన్ని చూపించే ముందు మీ దేశపు చట్టం మీ సెంటర్‌ను ఏ కోవలో పెట్టిందో కార్మిక శాఖలో అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: గాలితో ఉబ్బే బౌన్సీ దగ్గర నన్ను ఒక్కణ్ణే పెడతారు. సాక్సులు ఇవ్వడం, చేతి బ్యాండ్లు చూడడం కూడా నాదే. పోయిన వారం లోపల ఇద్దరు పిల్లలు గుద్దుకుని ఒక బాబు చెయ్యి విరిగింది. "నేను గమనించలేదు" అని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు.

జవాబు: వేరేవాళ్లు రాసిన మాట మీద సంతకం పెట్టకండి. మీ మాట మీరే రాసి, తేదీ వేసి, ఒక కాపీ దగ్గర పెట్టుకుని ఇవ్వండి. అందులో అభిప్రాయాలు వద్దు, క్షమాపణలు అసలే వద్దు. టైము, బౌన్సీ లోపల ఎంతమంది పిల్లలు, వాళ్లలో పెద్దవాళ్లు, చిన్నవాళ్లు కలిసి ఉన్నారా, ఆ క్షణంలో మీరు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, ఎవరు చేయమన్నారు, అక్కడ ఇంకెవరు సిబ్బంది ఉన్నారు, దెబ్బ తగిలాక ఎన్ని నిమిషాల్లో ఎవరు ఏం చేశారు. "నాలుగూ పదికి నేను సాక్సుల కౌంటర్ దగ్గర ఇద్దరు పిల్లలకు సాక్సులు ఇస్తున్నాను, బౌన్సీ నా వెనక ఉంది" అన్న ఒక్క వాక్యం ఎంత వాదనకన్నా గట్టిగా నిలుస్తుంది.

బౌన్సీ దగ్గర నిలబడినవాడికి రెండో పని ఉండకూడదు. సాక్సుల బుట్ట వైపు తిరిగిన పది సెకన్లలోనే లోపలి పిల్లల సంఖ్య మారిపోతుంది. దెబ్బలు ఎక్కువగా తగిలేది గుద్దుకున్నప్పుడూ, పెద్ద పిల్లాడు దూకిన ఊపుకి పక్కనున్న చిన్నది పైకి ఎగిరిపడినప్పుడూ. ట్రాంపొలిన్ మీదా ఇదే తంతు, అందుకే అక్కడ ఒక పరుపు మీద ఒక్కరే ఎగరాలన్న నియమం. బౌన్సీ మీద తయారీదారు అతికించిన పలకలో ఎంత ఎత్తున్న పిల్లలు, ఒకేసారి ఎంతమంది అని ఉంటుంది. ఆ పలక చిరిగినా, చెరిగినా రాతపూర్వకంగా చెప్పండి. ఎత్తును బట్టి గుంపులు విడదీసి, గుంపుకు ఐదారు నిమిషాలు ఇచ్చి, మొత్తం దించేశాకే తర్వాతి గుంపును ఎక్కించాలి. ఒకరు దిగితే ఒకరు ఎక్కే పద్ధతిలో లెక్క తప్పుతుంది.

బయట ఆరుబయట పెట్టే బౌన్సీకి గాలే అసలు శత్రువు. యూరప్‌లో పాటించే ఈఎన్ 14960 ప్రమాణం ప్రకారం గాలివేగం గంటకు 38 కిలోమీటర్లు దాటితే వాడకూడదు. కనీసం ఆరు చోట్ల కట్టాలి. నేలలో దిగ్గొట్టే ఇనుప మేకులు 380 మిల్లీమీటర్ల పొడవు, 16 మిల్లీమీటర్ల మందం ఉండాలి. మేకు దిగని సిమెంటు నేల అయితే ఒక్కో కట్టుకు కనీసం 163 కిలోల బరువు పెట్టి కట్టడం బ్రిటన్‌లో పాటించే లెక్క. ఇసుక బస్తా ఒకటి పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదని దీన్నిబట్టే తెలుస్తుంది. గాలివేగం కొలిచే చిన్న పరికరం అడగండి. అది చేతికొచ్చేదాకా చెట్లను చూడండి. ఆకులున్న చిన్న చెట్లు మొదలంటా ఊగుతున్నాయంటే మీరు ఆ హద్దుకు దగ్గర్లో ఉన్నట్టే. పిల్లల్ని దించేయండి.

గాలి కొట్టే మోటారు ప్లగ్ ఊడినా, కరెంటు పోయినా గోడలు లోపలికి వాలిపోతాయి. మోటారు తీగ జనం నడిచే దారిలో ఉండకూడదు. ఒకరు గుమ్మం దగ్గర గోడ ఎత్తిపట్టుకుని, ఒకరు పిల్లల్ని బయటికి లాగడం తెరవకముందే ఒకసారి చేసి చూడండి. ఒక్కరే ఉంటే ఈ పని కుదరదు. రెండో మనిషిని అడగడానికి ఇదే మీ బలమైన కారణం.

కళ్లముందు ప్రమాదం కనిపిస్తున్నప్పుడు పని ఆపి పక్కకు తప్పుకున్న కార్మికుణ్ణి శిక్షించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 155వ ఒప్పందం, 1981, 13వ అధికరణం చెబుతుంది. పని ఆపినప్పుడు ఎందుకు ఆపారో అప్పటికప్పుడే మెసేజ్ పెట్టండి.

ప్రశ్న: కార్టూన్ బొమ్మ వేషం వేసుకుని గంటసేపు నిలబెడుతున్నారు. మొన్న కళ్లు తిరిగాయి. తల తీస్తే పిల్లలు భయపడతారని తీయనివ్వలేదు.

జవాబు: గంట చాలా ఎక్కువ. వేషం లోపల గాలి ఆడదు, చెమట ఆరదు, ఒంటి వేడి బయటికి పోయే దారి ఉండదు. 15 నుంచి 20 నిమిషాలు వేషంలో, కనీసం అంతే సమయం వేషం విప్పి చల్లటి చోట. ఎండలో అయితే ఇంకా తగ్గించాలి. వేడిలో పనిచేసేవాళ్లకు చెప్పే లెక్క 15, 20 నిమిషాలకోసారి పావు లీటరు నీళ్లు, గంటకు లీటరున్నర మించకుండా. దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

వేషం వేసినవాళ్లకు పక్కచూపు ఉండదు, కాళ్ల దగ్గరున్న పిల్లలు కనిపించరు. అందుకని పక్కన ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి. ఫోటోలు తీయడం ఆ మనిషి పని కాకూడదు. రెండు సైగలు ముందే అనుకోండి, ఉదాహరణకు రెండు చేతులూ కడుపుమీద పెడితే "ఇప్పుడే తీసుకెళ్లు" అని. ఆ సైగ చేశాక ప్రశ్నల్లేవు, "టాటా చెప్పండి పిల్లలూ" అని గదిలోకి తీసుకుపోవడమే. పిల్లలు భయపడతారన్న మాటకు జవాబు కూడా ఇదే: దగ్గర్లో తలుపున్న చోటే వేషాన్ని నిలబెట్టాలి.

తలనొప్పి, వికారం, కాళ్ల కండరాలు పట్టేయడం, విపరీతమైన చెమట వేడి అలసట గుర్తులు. మాట తడబడి, ఎక్కడున్నారో తెలియకపోతే అది వడదెబ్బ, ప్రాణం మీదికి వచ్చే స్థితి. పిల్లలు చూస్తున్నా సరే తల అక్కడే తీసేయాలి. వేషం విప్పి, ఒళ్లంతా తడిపి, ఫ్యాన్ పెట్టి, మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టి అంబులెన్స్‌ను పిలవాలి. స్పృహ సరిగా లేనివాళ్లకు నోట్లో నీళ్లు పోయకండి.

ఒకే తలను నలుగురు వాడుతుంటే లోపల కట్టుకునే గుడ్డ టోపీ ఎవరిది వాళ్లకుండాలి. లోపలి మెత్తను ప్రతి వాడకం తర్వాత తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. తడి వేషాన్ని సంచిలో మూటగట్టి పెడితే తర్వాత వేసుకున్నవాళ్ల ఒంటిమీద తామర రావచ్చు.

ఇక పిల్లలు తన్నడం, పెద్దవాళ్లు ఆటపట్టించే నెపంతో ముట్టుకోవడం. "కస్టమర్ కదా" అని ఊరుకోవాల్సిన విషయం కాదిది. పనిలో హింస, వేధింపుల మీద 2019లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 190వ ఒప్పందానికి తోడుగా ఇచ్చిన 206వ సిఫార్సు, కస్టమర్ల నుంచి వచ్చే ముప్పును కూడా యజమాని ముందే అంచనా వేయాలంటుంది.

ప్రశ్న: ఆదివారం రాత్రికి గొంతు పూర్తిగా పోతుంది. చెవుల్లో హోరు సోమవారం దాకా ఉంటుంది. ఇది అలవాటైపోతుందా?

జవాబు: అలవాటయ్యేది వినికిడి తగ్గడమే. రోజుకు 8 గంటలు వినదగ్గ హద్దు 85 డెసిబెల్స్. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగానికి పడిపోతుంది: 88కి 4 గంటలు, 91కి 2, 94కి గంట. పరికరం లేకుండా చూసే పద్ధతి ఒకటుంది. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడలేకపోతే మీ హాలు 85 దాటినట్టే. హోరు మర్నాటి దాకా ఉంటే దాటి చాలాసేపైనట్టు.

ముందు పాటల సౌండు తగ్గించాలి. పిల్లలు అరిచేది పాటకన్నా పైకి వినిపించడానికి, పాట పెంచేది పిల్లల అరుపుకన్నా పైకి వినిపించడానికి. ఈ పోటీని ఆపగలిగింది నాబ్ ఒక్కటే. స్పీకర్లను సిబ్బంది నిలబడే చోటికి ఎదురుగా పెట్టకూడదు. ఆట నడిపేవాళ్లకు చెవికి తగిలించుకునే మైకు, నడుముకు కట్టుకునే చిన్న స్పీకర్ ఇస్తే గొంతు మీద భారం తగ్గుతుంది. సంగీతకారులు వాడే ఫిల్టర్ చెవి ప్లగ్గులు 15 డెసిబెల్స్ దాకా తగ్గిస్తూనే మాటను విననిస్తాయి. మామూలు స్పాంజి ప్లగ్గులు పెడితే పిల్లాడి ఏడుపు కూడా వినిపించకపోవచ్చు, కాపలా పనిలో అవి వద్దు.

గొంతు బొంగురుపోయినప్పుడు గుసగుసగా మాట్లాడటం మేలనుకుంటారు, అదీ గొంతును శ్రమపెడుతుంది. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం కూడా మంచిది కాదు. మూడు వారాలైనా బొంగురు పోకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించి, మీ పనేమిటో చెప్పి కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: పిల్లలు వాంతి చేసుకుంటే మామూలు తుడుపుకర్రతో తుడిచేయమంటారు. గ్లవ్స్ మేమే కొనుక్కోవాలి. బాల్ పిట్‌లో, అంటే బంతులు నింపిన ఆట తొట్టిలో అయితే పైపైన కనిపించే బంతులు తీసేస్తాం. సరైన పద్ధతి ఏమిటి?

జవాబు: ఆ తుడుపుకర్రతో వాంతిని హాలంతా పూస్తున్నారు. పిల్లల వాంతుల్లో నోరోవైరస్ ఉండే అవకాశం ఎప్పుడూ ఉంది. దాన్ని చేతికి రాసుకునే శానిటైజర్ సరిగా చంపదు, సబ్బూ నీళ్లే దిక్కు.

చుట్టూ రెండు మీటర్ల దాకా పిల్లల్ని జరపండి. గ్లవ్స్, మాస్కు, వాడి పారేసే ఏప్రన్ వేసుకోండి. వాంతి మీద కాగితపు తువ్వాళ్లు పరిచి, పీల్చుకున్నాక బయటి అంచు నుంచి మధ్యకు ఎత్తి, సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో వేయండి. తర్వాత బ్లీచ్ ద్రావణం. 5 శాతం బ్లీచ్ సీసా అయితే 100 మిల్లీలీటర్లకు 900 మిల్లీలీటర్ల నీళ్లు. ఇది వాంతి పడిన చోటుకు. చుట్టుపక్కల తలుపు పిడులకు, బల్లలకు 20 మిల్లీలీటర్లకు 980 సరిపోతుంది. కనీసం ఐదు నిమిషాలు తడిగా ఉంచి, తర్వాత నీళ్లతో కడగాలి. మధ్యలో తుడిచేస్తే మళ్లీ మొదటికే. ద్రావణం ఏ రోజుకారోజు కలపాలి, నిన్నటిది బలం తగ్గిపోతుంది. బ్లీచ్ తట్టుకోని మెత్తలను డిటర్జెంట్‌తో కడిగి ఆవిరి పట్టించాలి.

బాల్ పిట్ అయితే మూసేయడం తప్ప దారిలేదు. బంతులు దొర్లుతాయి, వాంతి కిందికి దిగుతుంది. బంతులన్నీ తీసి, తొట్టి అడుగు కడిగి, బంతులు కడిగి ఆరాకే తెరవాలి. గంటల పని. అందుకే "పైవి తీసేయ్, తర్వాతి పార్టీ వచ్చేస్తోంది" అంటారు. ఆ మాట ఎవరన్నారో మీ నోటుబుక్కులో రాయండి. తొట్టి ఖాళీ చేసేటప్పుడు చేతులు గుడ్డిగా లోపలికి పెట్టొద్దు. హెయిర్‌పిన్నులు, పగిలిన బొమ్మముక్కలు అడుగునే ఉంటాయి. పారతో ఎత్తండి.

తొందరలో జరిగే ఘోరమైన పొరపాటు రెండు మందులు కలపడం. బ్లీచ్‌లో యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ కలిస్తే క్లోరమీన్ వస్తుంది. కిటికీలేని టాయిలెట్‌లో ఏదైనా ప్రమాదమే. కళ్లు మండి దగ్గు మొదలైతే కడగడం ఆపి బయటికి వచ్చేయండి. లేబుల్ లేని సీసాలో ఉన్నది వాడనని చెప్పండి.

గ్లవ్స్ సంగతి: రక్షణ ఏర్పాట్ల ఖర్చు కార్మికుడి మీద పడకూడదని పైన చెప్పిన 155వ ఒప్పందమే 21వ అధికరణంలో అంటుంది. మీకే వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆగిన తర్వాత 48 గంటలు పనికి పోకూడదు, మరీ ముఖ్యంగా కేక్ కోసి పంచే పనికి. సెలవుకు జీతం కోస్తే జబ్బుతోనే వస్తారు, వచ్చినవాళ్ల చేతిమీదుగా ఇరవైమంది పిల్లలకు పోతుంది. మేనేజర్‌కు ఈ వరుసలోనే చెప్పండి.

ప్రశ్న: కిటికీలేని చిన్న స్టోర్‌రూమ్‌లో బెలూన్లు నింపుతాం. తల తిరుగుతుంది. గ్యాస్ మంచిదేనంటారు.

జవాబు: హీలియం విషం కాదు, వాసన లేదు, మండదు. కానీ గదిలో ఆక్సిజన్‌ను తోసేస్తుంది, తోసేస్తున్నట్టు మనిషికి తెలియదు. 50 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో ఉన్నది బయటికి వస్తే తొమ్మిది పది ఘనపు మీటర్లు. మూడు మీటర్ల పొడవు, రెండు వెడల్పు, రెండున్నర ఎత్తున్న గది మొత్తం పదిహేను. సిలిండర్ కారితే ఆక్సిజన్ సగానికి పడిపోవచ్చు. గాలి ఆడే హాల్లో, తలుపులు తీసి నింపండి. సిలిండర్‌ను నిలబెట్టి గొలుసుతో గోడకు కట్టండి, పని కాగానే వాల్వు మూయండి. గొంతు సన్నగా పలికించడానికి సిలిండర్ నుంచి నేరుగా పీల్చడం ఎవరు చేసినా ఆపండి. ఆ ఒత్తిడికి ఊపిరితిత్తులు చిరుగుతాయి.

సిలిండర్ మీద లేబుల్ చదవండి. హైడ్రోజన్ అని ఉంటే ముట్టుకోకండి. గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఎంత కలిసినా అది అంటుకుంటుంది, కేక్ మీద కొవ్వొత్తి చాలు.

ప్రశ్న: యూనిఫాంకు డిపాజిట్ కట్టించుకున్నారు. పార్టీవాళ్లు ఫిర్యాదు చేస్తే జీతంలో కోత. టిప్పులు డబ్బాలో వేయించి లెక్క చెప్పరు.

జవాబు: జీతాల రక్షణ మీద 1949లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 95వ ఒప్పందం రెండు మాటలు చెబుతుంది. చట్టంలోనో, కార్మికులంతా కలిసి యజమానితో చేసుకున్న సమష్టి ఒప్పందంలోనో, మధ్యవర్తి తీర్పులోనో ఉన్న కోతలు తప్ప వేరేవి కోయకూడదు. ఉద్యోగం ఇచ్చినందుకో, నిలబెట్టినందుకో జీతంలోంచి పట్టుకోవడం నిషేధం. కాబట్టి ప్రతి కోతకూ కారణం, తేదీ, ఎంత అన్నది రాసివ్వమనండి. రాయడానికి వెనకాడే కోతలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. డిపాజిట్‌కు రసీదు, ఎప్పుడు తిరిగిస్తారో తేదీ అడగండి. టిప్పుల డబ్బాను ప్రతి షిఫ్టు చివరా ఇద్దరి ముందు తెరిచి, లెక్కించి, పుస్తకంలో ఇద్దరూ సంతకం పెట్టడం మీరే మొదలుపెట్టొచ్చు.

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. సెలవుల్లో పార్టీ హాల్లో చేరతానంటోంది. పంపొచ్చా?

జవాబు: కనీస వయసు మీద 1973లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 138వ ఒప్పందం మామూలు పనికి 15 ఏళ్లు, ప్రమాదకరమైన పనికి 18 ఏళ్లు అంటుంది. కొన్ని దేశాల్లో హద్దు వేరు, కనుక్కోండి. పేరు పట్టిక చూడడం, చేతిపనుల బల్ల దగ్గర సాయం చేయడం పర్వాలేదు. గ్యాస్ సిలిండర్లు, బ్లీచ్, బౌన్సీ కాపలా ఒంటరిగా, రాత్రి సెంటర్ మూసేసే షిఫ్టు, వీటికి ఒప్పుకోవద్దు. జీతం లేని ట్రయల్ రోజు అంటే ఎన్ని గంటలో ముందు అడగండి. రోజంతా పార్టీలు చేయించుకుంటే అది ట్రయల్ కాదు.

ప్రశ్న: మా పాప పుట్టినరోజుకు హాలు బుక్ చేయాలి. అక్కడి సిబ్బందిని బాగా చూస్తున్నారో లేదో బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది?

జవాబు: రెండు ప్రశ్నలు అడగండి. మా పార్టీకీ తర్వాతి పార్టీకీ మధ్య ఎంత గ్యాప్? మా పిల్లలతో ఎంతమంది ఉంటారు, వాళ్లకు అదే సమయంలో వేరే పనులున్నాయా? పావుగంట గ్యాప్ అని గొప్పగా చెబితే ముందు పార్టీవాళ్లు తుడవని బల్ల మీదే మీ పాప కేక్ పెడతారు. టిప్పు ఇవ్వాలనుకుంటే డబ్బాలో వేయకుండా చేతికే ఇవ్వండి. మీ టైము పూర్తవడానికి పది నిమిషాల ముందు గిఫ్టులు సర్దుకోవడం మొదలుపెట్టండి.

ప్రశ్న: మానేద్దామనుకుంటున్నాను. చివరి నెల జీతం ఎగ్గొడతారని భయం.

జవాబు: మానేస్తానని చెప్పకముందే కాగితాలు దగ్గర పెట్టుకోండి: ఉద్యోగంలో చేరినప్పటి ఒప్పందం లేదా మెసేజ్, డ్యూటీ పట్టికల ఫోటోలు, జీతం చీటీలు, మీ నోటుబుక్కు, డిపాజిట్ రసీదు, ప్రమాదాల గురించి మీరు రాసిచ్చిన వాటి కాపీలు. ఆఫీసు ఫోన్‌లో, ఆఫీసు గ్రూపులో ఉన్నవి మీ సొంత ఫోన్‌లోకి తెచ్చుకోండి. చెప్పిన రోజు సాయంత్రమే గ్రూపులోంచి తీసేస్తారు. పిల్లల ఫోటోలు, వాళ్ల తల్లిదండ్రుల నంబర్లు మాత్రం తీసుకోవద్దు, అవి మీవి కావు, మీమీదే ఫిర్యాదుకు దారి. రాజీనామా రాతలో ఇవ్వండి. అందులోనే చివరి రోజు, రావలసిన గంటలు, డిపాజిట్ వేరువేరుగా రాసి, ఏ తేదీకి ఇస్తారో అడగండి. యూనిఫాం తిరిగి ఇచ్చేటప్పుడు ఎన్ని జతలు ఇచ్చారో రాయించుకుని సంతకం తీసుకోండి. తేదీ దాటితే ఆ కట్టతో కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లండి. ఇలాంటి ఫిర్యాదులకు చాలాచోట్ల గడువుంటుంది, నెలలు ఆగొద్దు.